పింఛను గడప దాటి వచ్చింది, సేవ ఇంకా బయటే ఉంది

ఒకటో తారీఖు, ఇంకా ఆరు కాలేదు. గ్రామ సచివాలయం నుంచి వచ్చిన అబ్బాయి మా పెద్దమ్మ మంచం పక్కన వంగి, వేలిముద్రల మిషను ఆవిడ బొటనవేలి కింద పెట్టాడు. పడలేదు. చూపుడువేలు పెట్టించాడు, అదీ పడలేదు. నలభై ఏళ్లు నాట్లు వేసి, కలుపు తీసిన వేళ్లు, గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. చివరికి ఫోన్లో ముఖం చూపించాక పని అయింది. ఎనిమిది ఐదొందల నోట్లు లెక్కపెట్టి ఆవిడ కుడిచేతిలో పెట్టాడు. "జాగ్రత్త మామ్మగారూ" అని చెప్పి పక్కింటికి వెళ్లాడు.

అతను వెళ్లాక పెద్దమ్మను పక్కకి తిప్పాలి. ఎడమవైపు పక్షవాతం వచ్చి ఏడాదిన్నర అయింది. రెండు గంటలకోసారి తిప్పకపోతే నడుం కింద చర్మం ఎర్రబడుతుంది, వదిలేస్తే పుండు పడుతుంది. ఆ తిప్పడం ఒక్కరివల్ల కాదు. ఒకరు భుజం కింద చెయ్యి వేస్తే ఇంకొకరు తుంటి దగ్గర పట్టుకోవాలి, వీపు కింద దిండు దూర్చాలి, కింద వేసిన గుడ్డ ముడతలు లేకుండా లాగాలి. ఆ రెండో మనిషి ఎవరన్నదే మా ఇంట్లో రోజూ సమస్య.

ముసలివాళ్ల కోసం ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదంటే అన్యాయం. ఈ ముప్ఫై ఏళ్లలో డబ్బు వచ్చింది, చట్టం వచ్చింది, ఆసుపత్రి కార్డు వచ్చింది. ఈ మూడింటినీ కలిపి వృద్ధుల సంక్షేమం అని ఒకే మాటతో పిలుస్తున్నాం కాబట్టి నాలుగోది రాలేదన్న సంగతి కనబడటం లేదు. ఒళ్లు తుడవడం, లేపి కూర్చోబెట్టడం, మాత్ర వేళకి మింగించడం, బాత్రూమ్‌కి తీసుకెళ్లడం. వీటికి మనిషి కావాలి. ఆ మనిషిని ఏర్పాటు చెయ్యాల్సిన బాధ్యత ఏ శాఖదీ కాదు. ఎందుకిలా అయిందో తెలియాలంటే మిగతా మూడూ ఎలా వచ్చాయో విడివిడిగా చూడాలి.

ముందు లెక్క. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అరవై దాటినవాళ్లు 10.38 కోట్లు. 2021 నాటి అంచనాల్లో అది సుమారు 13.8 కోట్లు, అంటే జనాభాలో పది శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అదే అంచనా 12.4 శాతం, తెలంగాణలో 11 శాతం దగ్గర. అంటే దేశం కన్నా మనం ముందు ముసలివాళ్లం అవుతున్నాం. పిల్లలు తక్కువ, ఉన్నవాళ్లు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డల్లాస్‌లోనో. మా వీధిలోనే నాలుగిళ్లలో ఇద్దరేసి పెద్దవాళ్లు తప్ప ఎవరూ లేరు.

డబ్బు

కేంద్రం 1995 ఆగస్టు 15న జాతీయ వృద్ధాప్య పింఛను మొదలుపెట్టినప్పుడు నెలకు ఇచ్చింది 75 రూపాయలు. తర్వాత అది 200 అయింది, 2011 నుంచి ఎనభై దాటినవాళ్లకి 500. అక్కడే ఆగిపోయింది. ఇవాళ మన రాష్ట్రాల్లో వచ్చే పింఛనులో ఆ కేంద్రం వాటా ఉంది, అదీ పేదరికం లెక్కలో పేరున్న కొందరికే. మిగతాదంతా రాష్ట్ర ఖజానా పెట్టుకుంటున్నది.

ఆంధ్రలో ప్రతి ఎన్నికకీ పింఛను ఒక మెట్టు ఎక్కింది. 2014లో 1,000, 2019 మొదట్లో 2,000, తర్వాత 2,250 నుంచి విడతలుగా 3,000, 2024 జులైలో 4,000. ఆ జులై ఒకటిన పాత బకాయిలతో కలిపి 7,000 చేతికిచ్చారు. మంచానికే పరిమితమైన పక్షవాత రోగులకి 15,000 అన్నది కూడా అప్పుడే వచ్చింది. తెలంగాణలో ఆసరా పింఛను 2014లో 1,000తో మొదలై 2019లో 2,016 అయింది, అర్హత వయసును 57కి తగ్గించారు. 2023 ఎన్నికల్లో చేయూత పేరుతో 4,000 హామీ వచ్చింది.

ఈ డబ్బు విలువ తెలియనివాళ్లే దీన్ని ఉచితం అంటారు. పెద్దమ్మకి సొంతంగా నోటు చేతిలో ఉన్న రోజు ఆవిడ గొంతే మారుతుంది. మనవరాలికి వంద ఇస్తుంది, తన బీపీ మాత్రలు తనే కొనమంటుంది. కోడళ్ల దగ్గర చెయ్యి చాపకుండా బతకడం ఎంత పెద్ద విషయమో పల్లెల్లో ప్రతి ఆడమనిషికీ తెలుసు.

కానీ పింఛను ఆదాయానికి బదులు, సేవకి బదులు కాదు. పెద్దలకి వేసే డైపర్లు రోజుకి మూడు మారిస్తేనే 4,000లో సగం పోతుంది. 2025 సెప్టెంబరులో వాటిమీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, కొంత నయం. 15,000 పింఛను మాత్రం నిజంగా సేవ ఖర్చుని దృష్టిలో పెట్టుకున్నది. అయితే దానికి పూర్తిగా మంచం పట్టినట్టు డాక్టర్లు తేల్చాలి. మా పెద్దమ్మ వెనక దిండ్లు పెడితే కాసేపు కూర్చోగలదు, కుడిచేత్తో ముద్ద తింటుంది. అందుకని ఆవిడ ఆ లెక్కలోకి రాలేదు. పూర్తిగా లేవలేనివాళ్లకీ, ఏమీ కానివాళ్లకీ మధ్య ఎంతోమంది ఉన్నారు. సగం సాయంతో బతికేవాళ్లు. వాళ్లకి మన పద్ధతిలో మెట్టు లేదు.

చట్టం

2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. అంతకుముందు కూడా తల్లిదండ్రులు పోషణ అడగొచ్చు. దానికి మేజిస్ట్రేట్ కోర్టుకి వెళ్లాలి, వకీలుని పెట్టుకోవాలి, ఏళ్లు తిరగాలి. కొత్త చట్టం ఆ పనిని ఆర్డీవోకి అప్పగించింది. ఆర్డీవో స్థాయి అధికారి ట్రిబ్యునల్‌గా కూర్చుంటాడు, ఆపైన అప్పీలు కలెక్టరు స్థాయిలో. నోటీసు ఇచ్చినప్పటి నుంచి తొంభై రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో ముప్ఫై. పెద్దమనిషి తనే రాయలేకపోతే తన తరఫున ఇంకొకరు అర్జీ పెట్టవచ్చు, ట్రిబ్యునల్ తనంతట తనూ తీసుకోవచ్చు. పిల్లలు లేనివాళ్లు తమ ఆస్తికి వారసులయ్యే బంధువుల నుంచి పోషణ అడగొచ్చు. విదేశాల్లో ఉన్న భారత పౌరులకీ ఈ చట్టం వర్తిస్తుంది, అయితే డాలర్లలో సంపాదించే కొడుకు దగ్గర్నుంచి ఆర్డర్ ప్రకారం వసూలు చెయ్యడం వేరే కథ.

నెలకు ఇప్పించగలిగే పోషణకి చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి 10,000. 2007లో అది పెద్ద మొత్తమే, ఇప్పుడు కాదు.

ఈ చట్టంలో జనానికి బాగా తెలిసింది 23వ సెక్షన్. నన్ను చూసుకో, ఇల్లు నీ పేర రాస్తాను అన్న మాట మీద ఆస్తి ఇచ్చేసి, తర్వాత అన్నం కూడా దొరకని తల్లిదండ్రుల కోసం పెట్టినది. చూసుకోవాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తి, ఆ షరతు తప్పితే, మోసంతో రాయించుకున్నట్టు లెక్క. ఇచ్చినవాళ్లు కోరితే ట్రిబ్యునల్ ఆ దస్తావేజు రద్దు చెయ్యొచ్చు. చట్టం వచ్చాక రాసిన దస్తావేజులకే ఇది పనిచేస్తుంది.

చిక్కంతా షరతు అన్న మాట దగ్గర వచ్చింది. మన కోస్తా జిల్లాల్లో దఖలు దస్తావేజులు చూడండి. ప్రేమాభిమానాలతో ఇస్తున్నానని రాస్తారు, చూసుకోవాలని రాయరు. కొడుక్కి ఇస్తూ షరతు రాయమని అడగడానికి ఏ తల్లికి నోరొస్తుంది? 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో, షరతు ఉన్నట్టు రుజువు లేకపోతే ఈ సెక్షన్ పనిచెయ్యదని చెప్పింది. 2025 జనవరి 2న మధ్యప్రదేశ్‌లోని ఒక తల్లి కేసులో, ఇది వృద్ధుల మేలు కోసం చేసిన చట్టం కాబట్టి ఉదారంగా చూడాలని అంది. అక్కడ గిఫ్టు డీడుతో పాటు, అమ్మానాన్నల్ని చివరిదాకా చూసుకుంటానని కొడుకు రాసిచ్చిన కాగితం ఒకటుంది. దస్తావేజు రద్దు చెయ్యడమే కాదు, స్వాధీనం కూడా ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కి ఉందని ఆ తీర్పులో స్పష్టంగా చెప్పారు. రెండూ చదివితే నాకు అర్థమైంది ఒక్కటే: ఆస్తి రాసేవాళ్లు దస్తావేజులోనే ఒక్క వాక్యం రాయించుకోవాలి. తిండి, బట్ట, వైద్యం, ఉండటానికి చోటు చూసే షరతు మీద ఇస్తున్నాను అని. డాక్యుమెంట్ రైటర్ అక్కర్లేదంటాడు, కొడుకు చిన్నబుచ్చుకుంటాడు. అయినా రాయించుకోవాలి. అసలు బతికుండగా ఆస్తి రాయకుండా వీలునామాతో సరిపెట్టుకుంటే ఈ టెన్షనే ఉండదు. వీలునామా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు.

మా వీధిలో ఒక పెద్దాయన ఆర్డీవో ఆఫీసుకి వెళ్తుంటే తోడు వెళ్లాను. ఉతికిన పంచె కట్టుకుని, కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చాడు. వరండాలో బెంచీ మీద పదిన్నరకి కూర్చున్నాం. మధ్యాహ్నం రెండున్నరకి, సార్ వరద పనుల మీద వెళ్లారు, వాయిదా అని చెప్పారు. అప్పటికది మూడో వాయిదా. ఆ అధికారిని నేను తప్పు పట్టలేను. భూమి తగాదాలు, వరదలు, ఎన్నికలు, ప్రొటోకాల్, భూసేకరణ అన్నీ ఆయనే. వాటి మధ్య ఇది ఇంకో ఫైలు. ట్రిబ్యునల్ అని పేరు పెట్టి దానికి విడిగా మనిషిని ఇవ్వకపోతే తొంభై రోజులు కాగితం మీదే ఉంటాయి. తిరుగు దారిలో ఆటోలో ఆయన అన్నమాట నాకింకా గుర్తుంది: "డబ్బు కోసం కాదయ్యా, వాడు ఒకసారి వచ్చి ఎదురుగా కూర్చుంటాడని."

చట్టం డబ్బు ఇప్పించగలదు, ఇల్లు వెనక్కి ఇప్పించగలదు. కొడుకుని తండ్రి మంచం పక్కన కూర్చోబెట్టలేదు. ఇదే చట్టం 19వ సెక్షన్‌లో ప్రతి జిల్లాకీ కనీసం ఒక వృద్ధాశ్రమం, నూటయాభై మందికి సరిపడేలా ప్రభుత్వం పెట్టవచ్చు అని ఉంది. పెట్టాలి అని కాదు, పెట్టవచ్చు. ఆ ఒక్క క్రియాపదం వల్ల ఎన్ని జిల్లాలు ఖాళీగా ఉండిపోయాయో.

ఆసుపత్రి

2024 అక్టోబరు 29 నుంచి డెబ్భై దాటిన ప్రతివాళ్లకీ, ఆదాయంతో సంబంధం లేకుండా, ఆయుష్మాన్ వయ వందన కార్డు కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. రిటైరైన మాస్టారికీ, కూలికీ ఒకటే కార్డు. మనకి 2007 నుంచి ఆరోగ్యశ్రీ అలవాటే కాబట్టి దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాలేదు.

కానీ ఇది అడ్మిట్ అయితేనే పనిచేసే కార్డు. పెద్దమ్మకి స్ట్రోకు వచ్చినప్పుడు ఇలాంటి కార్డుతోనే తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంచాం, చేతి నుంచి పెద్దగా ఖర్చు పడలేదు. పదో రోజు డిశ్చార్జి. అసలు ఖర్చు ఆ రోజు మొదలైంది. ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు, గాలి పరుపు, మూత్రం గొట్టం మార్చే నర్సు, నెల నెలా మందులు. ఇవేవీ ఆ 5 లక్షల్లో లేవు. స్ట్రోకు తర్వాత మొదటి మూడు నెలల్లో చేయించిన వ్యాయామమే మనిషిని మళ్లీ నడిపిస్తుందని డాక్టరే చెప్పారు. ప్రాణం కాపాడటానికి లక్షలు ఇచ్చే పథకం, ఆ ప్రాణం లేచి నడవడానికి కావలసిన వేలు ఇవ్వదు.

చక్రాల కుర్చీ, వినికిడి మిషను, చేతికర్ర వంటివి రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద ఇస్తారు. అది 2017లో మన నెల్లూరులోనే మొదలైంది. పెద్దమ్మకీ చక్రాల కుర్చీ వచ్చింది. అందులో కూర్చోబెట్టడానికి మళ్లీ ఇద్దరు కావాలి.

మనిషి

ఇక్కడికి వచ్చేసరికి అన్ని దారులూ ఆగిపోతున్నాయి. దానికి కారణం పెద్ద రహస్యమేమీ కాదు. పింఛను గ్రామీణాభివృద్ధి కింద సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ) చూస్తుంది. ట్రిబ్యునల్ రెవెన్యూది. వైద్యం ఆరోగ్య శాఖది. ఆశ్రమాలకి గ్రాంటు సంక్షేమ శాఖది, అదీ కేంద్రం నుంచి స్వచ్ఛంద సంస్థల ద్వారా. ఒళ్లు తుడిచే పని వీటిలో ఎవరి బడ్జెట్‌లోనూ పద్దుగా లేదు. ఆ పని ఇంట్లో కోడలో కూతురో చేస్తుందని అందరూ అనుకుని వదిలేశారు. ఆవిడ ఉద్యోగం మానేస్తే ఎక్కడా నమోదు కాదు. ఆవిడ నడుం నొప్పి ఎవరి లెక్కలోకీ రాదు.

బయటి మనిషిని పెట్టుకుందామని ఒక ఏజెన్సీతో మాట్లాడాం. శిక్షణ పొందిన అటెండెంట్ అని చెప్పి పంపిన అమ్మాయికి పంతొమ్మిదేళ్లు. అంతకుముందు నెల వరకూ బట్టల షాపులో పనిచేసింది. మూత్రం సంచి ఎలా ఖాళీ చెయ్యాలో మొదటిరోజు మా అక్క నేర్పింది. చాలా మంచి పిల్ల, పెద్దమ్మ జడ తనే వేసేది. మేం నెలకి 22,000 కడితే తన చేతికి 13,000 వస్తోందని రెండో నెలలో తెలిసింది. మూడో నెలలో వెళ్లిపోయింది. ఆ అమ్మాయికి ఏం నేర్పాలి, రోజుకి ఎన్ని గంటలు పని, నేర్పకుండా పంపితే ఏజెన్సీని ఎవరు అడగాలి అన్నదానికి ప్రత్యేకంగా చట్టం లేదు.

వచ్చి ఉండేదే. 2019 డిసెంబరులో లోక్‌సభలో 2007 చట్టానికి సవరణ బిల్లు పెట్టారు. 10,000 పరిమితి తీసేయడం, అల్లుడూ కోడలూ కూడా బాధ్యుల్లోకి రావడం, ఎనభై దాటినవాళ్ల అర్జీలు అరవై రోజుల్లో తేల్చడం అందులో ఉన్నాయి. పేపర్లు వీటి గురించే రాశాయి. నా దృష్టిలో అసలైనది వేరే ఉంది: వృద్ధాశ్రమాలూ, ఇంటికి వచ్చి సేవ చేసే సంస్థలూ రిజిస్టర్ చేసుకోవాలి, వాటికి కనీస ప్రమాణాలు ఉండాలి అన్నది. ఇంట్లో సేవ అన్న మాట మన చట్టంలోకి రావడానికి అది మొదటి అవకాశం. బిల్లు పార్లమెంటు స్థాయీ సంఘానికి వెళ్లింది, సంఘం నివేదిక కూడా ఇచ్చింది. ఆమోదం మాత్రం పొందలేదు. 2024లో ఆ లోక్‌సభతో పాటే రద్దయిపోయింది. అదే ఏడాది ఫిబ్రవరిలో నీతి ఆయోగ్ వృద్ధుల సేవా సంస్కరణల మీద ఒక పత్రం తెచ్చింది. సేవ చేసేవాళ్ల శిక్షణ నుంచి, ఇల్లు తాకట్టు పెట్టి నెలనెలా డబ్బు తీసుకునే రివర్స్ మార్ట్‌గేజ్ దాకా అందులో చాలా ఉంది. పత్రం పద్దు కాదు.

వేరే రాష్ట్రాల వైపు చూస్తే, కేరళలో నయం కాని జబ్బులవాళ్ల బాధ తగ్గించే పాలియేటివ్ సేవని 1993లో కోళికోడ్‌లో కొందరు డాక్టర్లూ వాలంటీర్లూ మొదలుపెట్టారు, తర్వాత అది ఇళ్లకి వెళ్లి చేసేదాకా వచ్చింది. 2008లో ప్రభుత్వం దాన్ని విధానంగా తీసుకుంది. పంచాయతీ ఖర్చుతో నర్సు మంచం పట్టినవాళ్ల ఇళ్లకి వెళ్తుంది. మన డ్వాక్రా లాంటి అక్కడి కుటుంబశ్రీ సంఘాల మహిళలు ఇప్పుడు శిక్షణ తీసుకుని ఈ పనిని జీతానికి చేస్తున్నారు. తెలంగాణలో జిల్లా పాలియేటివ్ కేంద్రాల నుంచి ఆలన వాహనాలు ఇళ్లకి వెళ్తాయి. క్యాన్సర్‌తో చివరి రోజుల్లో ఉన్నవాళ్లకి అది దేవుడి సాయమే, కానీ జిల్లా మొత్తానికి ఒక వాహనం ఎన్నిళ్లకి తిరగగలదు?

జపాన్ ఇంకో దారి పట్టింది. 2000 ఏప్రిల్ నుంచి నలభై దాటిన ప్రతి ఒక్కరి దగ్గరా సేవా బీమా కోసం ప్రీమియం తీసుకుంటున్నారు. వయసు మీద పడ్డాక ఎవరికి ఎంత సాయం కావాలో ఏడు మెట్లుగా తేలుస్తారు. పెద్దమ్మలాంటి సగం సాయంవాళ్లకీ అందులో మెట్టు ఉంది. ఆ మెట్టుని బట్టి వారానికి ఇన్నిసార్లు స్నానం చేయించే మనిషి, ఇన్ని రోజులు డే కేర్ అని లెక్క కడతారు. చాలామంది ఖర్చులో పదోవంతు చేత్తో కడతారు. డబ్బు కాదు, గంటలు ఇస్తారు. అంత ప్రీమియం కట్టే జీతాలు మనకి లేవని నాకు తెలుసు. కానీ ఎవరికి ఎంత సాయం కావాలో అడిగే ఆ పద్ధతికి ఖర్చేమంత?

ఆంధ్రలో పింఛన్లన్నీ కలిపి 60 లక్షలు దాటి ఉన్నాయి. ఏ ఇంట్లో ఎవరు మంచం మీద ఉన్నారో ఒకటో తారీఖున వెళ్లేవాళ్లకి కళ్లముందే కనిపిస్తుంది. 2019లో పెట్టిన సచివాలయాల్లో ఏఎన్ఎం కూడా ఉంది. డ్వాక్రా సంఘాల్ని నడిపేది పింఛన్లు చూసే ఆ సెర్ప్ సంస్థే. ఊరికి ఇద్దరు డ్వాక్రా ఆడవాళ్లకి మూడు నెలలు నేర్పించి, పద్ధతిగా జీతమిచ్చి, రోజుకి గంట చొప్పున ఇళ్లకి పంపడానికి కావలసిన ఆఫీసు, జాబితా, మనుషులు మన దగ్గర ఇప్పటికే ఉన్నారు. కావలసింది ఒక ఉత్తర్వు, దానికి ఒక పద్దు.

ఈలోగా ఎవరికైనా తోడు అవసరమైతే 14567కి ఫోన్ చెయ్యండి. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పనిచేసే ఎల్డర్‌లైన్. హైదరాబాద్‌లో చిన్నగా మొదలై 2021 నుంచి దేశమంతా ఉంది. దారి చెప్తారు, పింఛనుకీ ట్రిబ్యునల్‌కీ ఎలా వెళ్లాలో వివరిస్తారు, రోడ్డున పడ్డవాళ్లని ఆశ్రమాలకి చేరుస్తారు. మా వీధి పెద్దాయనకి అర్జీ ఎలా రాయాలో చెప్పింది వాళ్లే.

పోయిన నెల ఒకటో తారీఖున ఆ అబ్బాయి వచ్చేసరికి నేనొక్కడినే పెద్దమ్మను తిప్పడానికి తంటాలు పడుతున్నాను. అక్క ఊళ్లో లేదు. అతను ఫోనూ మిషనూ కిటికీలో పెట్టి, కొళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చి, తుంటి దగ్గర పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి తిప్పాం, దిండు దూర్చాం, గుడ్డ లాగాం. మూడు నిమిషాలు పట్టింది. అది అతని డ్యూటీలో లేదు. తర్వాత మిషను తీశాడు. ఆ వీధిలో ఇంకా పదకొండు ఇళ్లున్నాయన్నాడు, వాటిలో మూడింట్లో మనిషి మంచం మీదే.